ఓడలో విందు... ఒంటికి పట్టుపంచె!

'టైటానిక్' సినిమా చూడనివాళ్లు మీలో ఎవరుంటారు? 1997లో వచ్చిన ఆ సినిమా పేరెత్తితే అందరికీ ఓడ మునగడం గుర్తొస్తుంది, ఓడ కొమ్ము దగ్గర చేతులు చాచి నిలబడ్డ జంట గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది ఒక కోటు!

మూడో తరగతి కుర్రాడు జాక్‌ని ఫస్ట్‌క్లాసు వాళ్లు రాత్రి భోజనానికి పిలుస్తారు. పాపం, వేసుకుపోవడానికి బట్టల్లేవు. మాలీ బ్రౌన్ అనే పెద్దావిడ తన కొడుక్కోసం కొన్న డిన్నర్ సూటు తీసి తొడిగిస్తుంది. అంతే! తలుపు దగ్గరి మనిషి వంగి మరీ తలుపు తీస్తాడు. హీరోయిన్‌కి కాబోయే మొగుడు పక్కనుంచే పోతూ కూడా అతన్ని పోల్చుకోలేకపోతాడు. మనిషి అదే మనిషి, మారింది కోటు ఒక్కటే! ఆ సినిమాకి బట్టలు తయారుచేసిన డెబొరా లిన్ స్కాట్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు మరి.

అసలు టైటానిక్ 1912లోనే మునిగిపోయింది. కానీ ఆ కోటు భయం మాత్రం ఇంకా సముద్రం మీద తేలుతూనే ఉంది. దాని పేరే ఫార్మల్ నైట్!

ఏమిటీ ఫార్మల్ నైట్?

విహార నౌకల్లో కొన్ని రాత్రులు ఇంత పండగలా జరుపుతారు. ఆ సాయంత్రం పెద్ద భోజనశాలలోకి వెళ్లాలంటే మగవాళ్లు నల్లకోటు, బో టై. ఆడవాళ్లు నేలదాకా జీరాడే గౌను. కెప్టెన్ గారి విందులు, ఫొటోలు, బ్యాండు, డాన్సు. మన పాత సినిమాల్లో క్లబ్బు పాట వచ్చిందంటే విలన్‌కి బో టై ఉండి తీరాల్సిందే కదా, అలాంటి బో టైలు ఒకేచోట కొన్ని వందలు కనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

అన్ని ఓడలూ ఒకేలా ఉండవు. నార్వీజియన్ లాంటి కంపెనీల ఓడల్లో ఫార్మల్ బట్టలు వేసుకుంటే వేసుకోండి, లేకపోతే మానెయ్యండి అంటారు. పాత పద్ధతిని ఇంకా గట్టిగా పట్టుకున్నది క్యునార్డ్ కంపెనీ. వాళ్ల 'క్వీన్ మేరీ 2' 2004 నుంచి తిరుగుతోంది. పొడవు 345 మీటర్లు! ఇంగ్లండులోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్కుకి ఏడు రాత్రుల ప్రయాణం. అందులో మామూలుగా రెండు రాత్రులు ఇలాంటివి, వీటికి వాళ్లు పెట్టుకున్న పేరు గాలా ఈవినింగ్. ఒక్కోసారి నలుపు తెలుపు రంగులనీ, ఎరుపు బంగారు రంగులనీ, ముసుగుల విందనీ దానికో వేడుక కూడా జోడిస్తారు.

2019 ఆగస్టులో ఆ ఓడెక్కే అదృష్టం నాకు పట్టింది. ఒక్కణ్ణే కాదు, మా మావయ్యా అత్తయ్యా కూడా ఉన్నారు. వాళ్ల కూతురు ఇంగ్లండులో, కొడుకు న్యూజెర్సీలో. 'కూతురింటి నుంచి కొడుకింటికి ఓడలో రండి నాన్నా, సరదాగా ఉంటుంది' అని బావే టిక్కెట్లు కొన్నాడు. తోడు కోసం నన్ను జతచేశాడు. అంతవరకూ బాగానే ఉంది. చివర్లో ఒక ముక్క రాశాడు: 'నాన్నకి అక్కడే ఒక సూటు అద్దెకి తీసుకో.'

'ఈ వయసులో వేషం కట్టమంటావా?'

మా మావయ్యది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని పంచెలో తప్ప మరో బట్టలో చూసినవాడు ఊళ్లో లేడు. ఇన్‌స్పెక్షనుకి పెద్ద ఆఫీసర్లొచ్చినా అదే పంచె, అదే కండువా.

"ఏరా అల్లుడూ, డెబ్భై నాలుగేళ్లు ఇలాగే బతికాను. ఇప్పుడు నాలుగు మెతుకుల కోసం మెడకి గుడ్డ బిగించుకోమంటావా? పైన ఏదో హోటలు లాంటిది ఉందన్నావుగా, నేనక్కడ తినేస్తాను. మీ అత్తయ్యని తీసుకుని నువ్వు వెళ్లు" అన్నారు.

"మీరు లేకుండా నేనెక్కడికి వెళ్తానండీ? నేనూ పైనే తింటాను" అని అత్తయ్య.

నిజమే, ఓడలో పై అంతస్తున కింగ్స్ కోర్ట్ అని బఫే ఉంది. ఫార్మల్ రాత్రి కూడా అక్కడ మామూలు బట్టలతో భోంచెయ్యొచ్చు. పస్తుండక్కర్లేదు. కానీ విషయం భోజనం కాదు. కొడుకు ముచ్చటపడి కొన్న టిక్కెట్టు మీద వచ్చి, కింద పాటలూ దీపాలూ వెలుగుతుంటే, 'మన బట్టలు అక్కడ పనికిరావు' అనుకుని ఒక పెద్దాయన పక్కకి తప్పుకోవడం... అది నాకు మింగుడుపడలేదు.

కాగితం తెరిచి రూల్సు చదివాను. చదివితే ఏముందో తెలుసా? డిన్నర్ జాకెట్, లేకపోతే టై కట్టిన ముదురు రంగు సూటు... ఆ వరసలోనే 'ఫార్మల్ నేషనల్ డ్రెస్' కూడా! అంటే ఎవరి దేశపు మర్యాద బట్టలు వాళ్లు వేసుకోవచ్చన్నమాట. స్కాట్లండువాళ్లు గళ్ల లంగాలాంటి కిల్టు కట్టుకుని దర్జాగా వచ్చేది అందుకే.

"మావయ్యా, మీ పట్టుపంచె ఇక్కడ పాసయిపోయింది!" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ లైను రెండుసార్లు చదువుకున్నారు. హెడ్మాస్టరు కదా, నా మాట మీద నమ్మకం లేదు!

అసలు ఆ కోటు కథేమిటి?

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. మనం ఇంతగా హడలిపోయే డిన్నర్ జాకెట్ పుట్టినప్పుడు ఫార్మల్ బట్టే కాదు! 1865లో వేల్స్ యువరాజు, తర్వాత ఎడ్వర్డ్ రాజయ్యాడే ఆయన, తోకకోటు బిగింపు లేకుండా ఇంట్లో తీరిగ్గా భోంచెయ్యడానికి లండన్‌లోని హెన్రీ పూల్ దర్జీలకి చెప్పి ఒక పొట్టికోటు కుట్టించుకున్నాడు. అది అమెరికా చేరి, 1886లో న్యూయార్కు దగ్గర టక్సీడో పార్కులో వెలిసిన క్లబ్బు పేరుమీద టక్సీడో అయి కూర్చుంది. ఇంటిబట్ట కాస్తా విందుబట్ట అయింది!

ఇంకో తమాషా. ఆ కోటు కింద నడుముకి చుట్టే మడతల పట్టీ ఉంటుంది చూశారా? దాని పేరు కమర్‌బంద్. మన దేశంలో ఎండకి వెయిస్ట్‌కోటు వేసుకోలేక ఉడికిపోయిన ఇంగ్లీషు ఆఫీసర్లు, ఇక్కడివాళ్ల నడికట్టు చూసి నేర్చుకుని పట్టుకెళ్లింది అది. మన నడికట్టు వాళ్ల నడుముకి ఎక్కినప్పుడు, మన పంచె వాళ్ల మెట్లు ఎక్కకూడదా?

అయినా ఇతరుల్ని అనుకుని ఏం లాభం! 2014లో చెన్నైలోనే ఒక క్లబ్బులో పంచె కట్టుకుని వచ్చిన హైకోర్టు జడ్జిగారిని లోపలికి రానివ్వలేదు. పెద్ద గొడవై, అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం అలా ఆపకూడదని చట్టమే చేసింది. మన గడ్డమీద ఆగిన పంచెకి అట్లాంటిక్ మధ్యలో ఇంగ్లీషు ఓడ దారిచ్చింది. చిత్రంగా లేదూ?

మావయ్య ఎంట్రీ!

మొదటి గాలా రాత్రి. లేత గోధుమరంగు పట్టుపంచె, జరీ అంచు, తెల్లపట్టు లాల్చీ, మడత నలగని కండువా, కాళ్లకి పాలిష్ చేసిన నల్ల పంపుషూ. పక్కన అత్తయ్య వంగపండు రంగు ఉప్పాడ జాందానీ చీర. ఇద్దరూ పెద్ద హాల్లోకి మెట్లు దిగుతుంటే నాకు 1980లో వచ్చిన 'శంకరాభరణం'లో జె.వి. సోమయాజులు గారి నడక గుర్తొచ్చింది. ఆయన పెద్ద డైలాగు చెప్పక్కర్లేదు, పంచె కుచ్చెళ్లు సర్దుకుని నిలబడితే చాలు, హాలంతా నిశ్శబ్దం!

ఎవరూ నవ్వలేదు. బ్రిటానియా రెస్టారెంటు గుమ్మంలో మనిషి నాకెంత వంగాడో మావయ్యకీ అంతే వంగాడు. మా బల్ల దగ్గర కూర్చున్న ఒక ఇంగ్లీషు ముసలాయన కుర్చీ దగ్గరకి జరుపుకుని, కుట్టు లేని ఒక్క గుడ్డ జారిపోకుండా ఎలా నిలుస్తుందని అడిగాడు. ఇంక చూడండి! మావయ్యకి క్లాసు దొరికింది. రుమాలు తీసి బల్లమీద పరిచి, కుచ్చెళ్లు ఎలా పెట్టాలో, గోచీ ఎలా దోపాలో పాఠం మొదలెట్టారు. సూపు చల్లారిపోయింది.

భోజనం అయ్యాక క్వీన్స్ రూమ్‌లో డాన్సు. బ్యాండు వాయిస్తుంటే జంటలు గుండ్రంగా తిరుగుతున్నాయి. మావయ్య డాన్సు చెయ్యలేదులెండి. కానీ అత్తయ్య చీర అంచు చూడ్డానికి ముగ్గురు ఆడవాళ్లు వరసగా వచ్చారు. నేత పనే తప్ప కుట్టు కాదంటే వాళ్లు నమ్మరు! అటునుంచి న్యూయార్కు వెళ్లేటప్పుడు అయిదు రాత్రులు గడియారాన్ని గంట చొప్పున వెనక్కి తిప్పుకోవాలి. అంటే రోజుకి పాతిక గంటలు! ఆ ఎక్కువ గంట కూడా కబుర్లకే సరిపోయింది. రెండో గాలా రాత్రికి నేను గుర్తుచెయ్యక్కర్లేకుండానే మావయ్య పంచె బయటికి తీసి పెట్టుకున్నారు.

మీరు ఓడెక్కితే...

ఇక మీ సంగతి. సూటు ఉంటే మంచిదే, ముదురు రంగు సూటూ టై సరిపోతుంది. లేకపోతే అద్దెకోసం పరుగులు పెట్టకండి. మెడ మూసిన బంద్‌గళా కోటు ఒక్కటి కుట్టించుకోండి. ఇక్కడ పెళ్లికీ పనికొస్తుంది, అక్కడ విందుకీ పనికొస్తుంది. 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన రాత్రి జూనియర్ ఎన్టీఆర్, రామ్‌చరణ్ ఏం వేసుకున్నారో మరిచిపోయారా? ఇద్దరివీ నల్ల బంద్‌గళాలే! ఎన్టీఆర్ భుజమ్మీద బంగారు దారంతో పులి బొమ్మ కూడా ఉంది. ఆస్కార్‌కి చాలినది ఓడకి చాలదా?

అమ్మాయిలకి చీరని మించిన గౌను లేదు. అయితే ఓడ ఓడే! డెక్ మీద గాలికి పైట జెండాలా ఎగురుతుంది, భుజం దగ్గర రెండు పిన్నులు గట్టిగా పెట్టండి. కుచ్చెళ్లకి ఇంకొకటి. సముద్రం కాస్త పోటుమీదుంటే నేల ఊగుతుంది, ఎత్తుమడమల చెప్పులు మానెయ్యండి. మెట్లు ఎక్కువ, చీర రెండు వేళ్ల ఎత్తున కట్టుకుంటే కాలికి తగలదు. ఏసీ చలికి ఒక శాలువా ఉంచుకోండి.

గంజిపెట్టిన నూలుచీర పెట్టెలోంచి తీసేసరికి అప్పడంలా విరుగుతుంది. ఇస్త్రీపెట్టె తీసుకెళ్దామంటే చాలా ఓడల్లో గదిలో వాడనివ్వరు, నిప్పు భయం. క్వీన్ మేరీలో మాత్రం బట్టలు ఉతుక్కునే గదిలో వాళ్లే ఇస్త్రీపెట్టెలు పెట్టారు. అది లేని ఓడలో ఒక చిట్కా: వేడినీళ్లు తిప్పి, ఆవిరి పట్టిన స్నానాలగదిలో చీరని కాసేపు వేలాడదీస్తే సగం ముడతలు పోతాయి.

మామూలు రాత్రులకి ఇంత హంగామా లేదు. కాలరున్న చొక్కా, శుభ్రమైన ప్యాంటు చాలు. సాయంత్రం ఆరు దాటాక నిక్కర్లతో మాత్రం భోజనశాలకి రానివ్వరు. ఏ ఓడైనా సరే, టిక్కెట్టుతోబాటు వచ్చే బట్టల కాగితం చివరిదాకా చదవండి. చాలామంది మొదటి లైనులో 'టక్సీడో' అన్న మాట చూసి అక్కడే ఆగిపోతారు. మనకి కావలసింది ఆ కింద ఉంటుంది.

అట్లాంటిక్ దాకా వెళ్లే డబ్బు మా దగ్గరెక్కడిదంటారా? 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ 'ఎంప్రెస్' ఓడ చెన్నై నుంచి మన విశాఖకే వచ్చింది. 2023లో అక్కడ విహార నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా ప్రారంభమైంది. ఏదో ఒకరోజు మీ వంతూ వస్తుంది.

వచ్చినప్పుడు జాక్‌లా ఎవరి కొడుకు కోటో అరువు తెచ్చుకోకండి. ముందు మీ ఇంట్లో నాన్నగారి ట్రంకుపెట్టె తెరిచి చూడండి. నాఫ్తలీన్ ఉండల వాసనేస్తూ, పెళ్లినాటి పట్టుపంచె అడుగున మడతపెట్టి ఉంటుంది. ఒక పూట నీడలో గాలికి ఆరేస్తే చాలు!