ఒత్తు దగ్గర ఆగిన వేలు

జూన్ 18, 2025
మూడో తరగతికి బేస్‌లైన్ పరీక్ష. ఒక పాప నిరుటి పాఠం గడగడా చదివేసింది. చూపు మాత్రం బొమ్మ మీదే ఉంది. బొమ్మను చేత్తో మూసి, నడిమి వరుసలో ఒక మాట మీద వేలు పెట్టాను. నోరు మెదపలేదు. తప్పు పాపది కాదు, ఇన్నాళ్ళూ మేం వల్లె వేయించాం. పిల్లలకు చదవడం వచ్చో రాదో చూడటానికి 2005 నుంచి ఊరూరా తిరిగే అసర్ సర్వేవాళ్ళు పిల్లలు ముందెన్నడూ చూడని పాఠమే ఎందుకు ఇస్తారో ఇవాళ అర్థమైంది.

జూన్ 26
పాప పక్కన కూర్చున్నాను. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు. 'లడ్డు' చదివింది. 'అన్నం' దగ్గర వేలు ఆగిపోయింది. రెండూ బోర్డు మీద రాసి చూశాను. డ ఒత్తు, తలకట్టు లేని చిన్న డ. న ఒత్తుకు న తో పోలికే లేదు. మ, ల, త, య ఒత్తులూ అంతే. వీటన్నిటినీ ఒక్క వారంలో ముగిస్తే పిల్లలకెలా అందుతాయి? ఇక రోజుకు ఒక్క ఒత్తే. రేపు మ: అమ్మ, కొమ్మ, బొమ్మ, దుమ్ము.

జూలై 10
చిరుగుతాయని బీరువాలో పెట్టి తాళం వేసిన కథల పుస్తకాలు బయటికి తీశాను. కిటికీకి తాడు కట్టి వేలాడదీశాను. అన్నం గంట కొట్టినా ఇద్దరు లేవలేదు. చిరిగితే అంటిద్దాం.

జూలై 24
"మాకు చదువు రాదు సార్, ఇంట్ల ఏం జెప్తం?" అంది పాప వాళ్ళమ్మ. చెప్పొద్దమ్మా, పక్కన కూర్చుని వినండి, "తర్వాత ఏమైంది బిడ్డా?" అని అడగండి చాలు అన్నాను. రోజూ పది నిమిషాలు.

ఆగస్టు 19
వాళ్ళ అవ్వ చెప్పిన మేకపిల్ల కథను పాప చెబుతుంటే చార్టు మీద పెద్దక్షరాలతో రాశాను. చెవికి తెలిసిన మాటను కన్ను తొందరగా పోల్చుకుంటుంది.

సెప్టెంబర్ 8
అక్షరాస్యతా దినోత్సవం. పాప చార్టు ముందు నిలబడింది. 'మేకపిల్ల' దాటింది. 'అవ్వ' దాటింది. 'వాగు దాటి వెళ్ళింది' దగ్గర వేలు ఆగింది. ళ ఒత్తు తగిలిందనుకుని దగ్గరికి వెళ్ళాను.
"సార్, మా అవ్వ 'వెళ్ళింది' అనలే. 'పోయింది' అన్నది. మీరు తప్పు రాసిన్రు."
స్కెచ్ పెన్ను తన చేతికిచ్చాను. నా మాట కొట్టేసి, పైన 'పోయింది' అని రాసుకుంది.