మోకుకి ఎన్ని పాయింట్లు?

పండక్కి పాలకుర్తి వెళ్లినప్పుడు నా బ్యాగులో ల్యాప్‌టాప్‌తో పాటు పాచికలూ, గళ్లు గీసిన ఓరుగల్లు కోట మ్యాపూ ఉంటాయి. పాత యుద్ధాలను బల్లమీద ఆడటం నా పిచ్చి. శనగలు కాల్బలం, చింతగింజలు గుర్రాలు. ఈసారి 1708లో సర్వాయి పాపన్న ఓరుగల్లు మీద చేసిన దాడి. 2-3 వేల కాల్బలం, 400-500 గుర్రాలు. నా రూల్ ప్రకారం గోడ ఎక్కాలంటే ఆరు పడాలి. తొమ్మిది ఆటల్లోనూ పాపన్న ఓడాడు. నిజానికేమో ఊళ్లోకి చొరబడి దోచుకుపోయాడాయె!

మర్నాడు మామను బండెక్కించుకుని మా జిల్లాలోనే ఉన్న ఖిలాషాపూర్ వెళ్లాను. ఆ దాడికి ముందే పాపన్న కట్టుకున్న కోట అది. పాపన్నది గీత కులం. మామ కూడా నలభై ఏళ్లు తాళ్లెక్కినవాడే. బురుజును కిందినుంచి పైదాకా చూసి, "గిదేంది అల్లుడా, తాటిచెట్టంత గూడ లేదు. మోకుంటే సాలు" అన్నాడు.

మొహర్రం పదో రోజుకు ముందురాత్రి, కావలివాళ్ల ధ్యాస అటుండగా, పాపన్న మనుషులు తాళ్లేసి ఓరుగల్లు గోడలెక్కారు. అది నేను చదివిందే. రూల్ మాత్రం గోడ ఎత్తు చూసి రాసుకున్నాను.

రాత్రి రూల్ మార్చాను. మోకున్నవాడికి మూడు పడితే చాలు. మామ ఒప్పుకోలేదు.

"రెండు" అన్నాడు.