అటక గదికి తెరలు

మా అటకకి తెరలు కావలసి వచ్చాయి. నవ్వకండి. అటకేమిటి, తెరలేమిటి అని మావారు కూడా మొదట నవ్వారు. ఆ తరవాత నిచ్చెనెక్కి మేకులు కొట్టిందీ, నెత్తిమీద రాడ్డు పడేసుకున్నదీ ఆయనే.

మాది అంబాజీపేటలో పాతకాలపు పెంకుటిల్లు. కోనసీమలో అటక అంటే పగిలిన జాడీలూ, నవారు తెగిన మంచాలూ పెట్టుకునే చోటు మాత్రమే కాదు. కురిడీ కాయలు తయారయ్యేది అక్కడే. ముదిరిన కొబ్బరికాయల్ని అటకెక్కించి, ఎండా వానా తగలకుండా ఇంచుమించు ఏడాదిపాటు వాటి మానాన వాటిని వదిలేస్తే లోపలి నీళ్ళన్నీ ఇంకిపోయి, కొబ్బరి చిప్పనుంచి విడిపోయి గుండులా తయారవుతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లొడలొడమంటుంది. మామగారు ఉన్నన్నాళ్ళూ మా అటకమీద మనిషి మాట దేవుడెరుగు, పిల్లి నడవడానికి కూడా సందుండేది కాదు. ఆయన పోయాక కాయలు తగ్గాయి, చోటు మిగిలింది.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా పెద్దమ్మాయి రెండు పెట్టెలతో ఇంటికొచ్చింది. నెల దాటింది. "అల్లుడుగారెప్పుడొస్తారు?" అని ఎవరైనా అడిగితే చాలు, నాకు పొయ్యిమీద పాలు గుర్తొచ్చేవి. లోపలికి పారిపోయేదాన్ని. మీకు చెప్పడానికేం, అది ఇంక అక్కడికి వెళ్ళదు. ఎందుకో చెప్పింది. విన్నాక మేమూ వెళ్ళమనలేదు. కానీ ఇంట్లో వెళ్ళమనకపోవడం వేరు, ఊరికి చెప్పుకోవడం వేరు కదండీ!

దానిది కంప్యూటరు ఉద్యోగం. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చుట. కాకపోతే కింద మండువాలో కూర్చుంటే పని సాగేదెలా? కరివేపాకు కోసం ఒకరు, కవ్వం కోసం ఒకరు వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్ళ కళ్ళు మొదట దాని మెడమీదికి వెళ్ళి, తరవాత మొహంమీదికి వస్తాయి. నాలుగు రోజులు చూసి, "అమ్మా, ఆ అటక నాకిచ్చెయ్యి" అంది.

రెండు రోజులు బూజు దులిపాం. నడికొప్పు కింద మాత్రం తిన్నగా నిలబడొచ్చు. పక్కకి రెండడుగులు వేశామా, వాసం నెత్తికి తగిలి తనకి తనే నమస్కారం పెట్టించుకుంటుంది. తూర్పు గోడకొక కిటికీ, పడమటి గోడకొక కిటికీ. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానుకి పెంకులన్నీ లేచిపోతే, తిరిగి నేయించినప్పుడు మామగారు కాయలు కనపడ్డానికని ఓ గాజు పెంకు కూడా వేయించారు. ఒక మంచం, ఒక బల్లా, ఒక ఫానూ పెట్టేసరికి గది నిండిపోయింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ తూర్పు కిటికీ తెరిస్తే ఎదురింటి వదినగారి డాబా. ఆవిడ వడియాలు పెట్టేదీ అక్కడే, ఊరి సంగతులు ఆరబోసేదీ అక్కడే.

అందుకని ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి అమలాపురం వెళ్ళి తెరలు కొనుక్కొచ్చాను. చాక్లెట్టు రంగు. రెండు పొరల గుడ్డ. "సూర్యుడు కూడా చొరబడలేడండి" అన్నాడు కొట్టబ్బాయి. నాకు కావలసింది సూర్యుడు కాదు, వదినగారు.

మావారు డ్రిల్లింగు మిషను తెచ్చి గోడకి కన్నాలు పెట్టారు. పాత సున్నం గోడ కదా, కన్నం బదులు దోసెడు పొడి రాలింది. అందులోనే మరలు దూర్చి రాడ్డు నిలబెట్టారు. నిలబడినట్టే నిలబడి, ఆయన నిచ్చెన దిగబోతుండగా తెరలతో సహా ఆయన్ని వరించింది. మర్నాడు వడ్రంగి వచ్చి చూసి, "ఆయ్, గోడకి కాదండి. ముందు ఓ చెక్క పట్టీ బిగించుకుని, రాడ్డు దానికి వేసుకోవాలండి" అన్నాడు. అలాగే చేశాడు. పాత ఇళ్ళున్నవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మీవారి నెత్తి దక్కుతుంది.

తెరలు వేశాక మిట్టమధ్యాహ్నం గదిలోకి వెళితే దీపాలవేళలా ఉంది. నాకు ప్రాణం కుదుటపడింది. సాయంత్రం అమ్మాయి చెమటలు కక్కుతూ కిందికి దిగింది. 

"అమ్మా, ఆ తెరలు ఎవరికోసం?"

"నీకోసమేనే. ఎదురు డాబా ఉందా..."

"నాకోసమైతే నన్నడిగి కొనేదానివిగా!"

నేను మాట్లాడలేదు. వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు తలెత్తకుండానే అన్నారు: "కురిడీకి పెడుతున్నావుటే దాన్ని?"

ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. కళ్ళు సరిగా ఆనవంటారు గానీ, అవసరమైనవన్నీ ఆనతాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1988లో పాలకొల్లు నుంచి ఈ ఇంటికి కాపరానికొచ్చాను. మా గదికి బ్రహ్మాండమైన టేకు తలుపులుండేవి. ఉండి ఏం లాభం? కొత్త కోడలు పగలు తలుపేసుకుంటే ఇంకేమైనా ఉందా! జడ విప్పుకోవాలన్నా, పుట్టింటి ఉత్తరం చదువుకుని ఓ పదినిమిషాలు ఏడవాలన్నా దూడల పాకే గతి. మూడు నెలలు గడిచాక ఒకరోజు పెరట్లోంచి వచ్చేసరికి మా గుమ్మానికి అత్తగారి పాత నేత చీర రెండు మడతలు వేసి వేళ్ళాడుతోంది. ఎందుకూ అని నేనడగలేదు, ఇందుకూ అని ఆవిడ చెప్పలేదు. ఆ చీర చిరిగి పీలికలయ్యేదాకా ఆ గుమ్మానికే ఉంది. అది నన్ను దాచడానికి కట్టారని నాకెప్పుడూ అనిపించలేదు. మరి ఈ చాక్లెట్టు తెరలు నేనెందుకు కొన్నట్టు?

పొద్దున్నే, "పదవే, నీకు నచ్చినవే కొనుక్కుందాం" అన్నాను. అమలాపురం దారిలోనే బండారులంక. నేతగాళ్ళ ఊరు. తెరల గుడ్డ అడిగితే, వాళ్ళు మాకు చీరలు పరిచారు. మగ్గంమీద నేసేవి అవే మరి. అమ్మాయి ఒక చందనం రంగు చీర, ఆకుపచ్చ అంచుది, వెలుతురుకెత్తి చూసింది. పడుగూ పేకా దారం దారం కనిపించింది. "ఇది బావుందమ్మా" అంది. ఎంత సంతోషించానో! అది చీర కట్టి ఎన్నాళ్ళయిందని! ఇంటికొచ్చాక కత్తెర ఎక్కడుందని అడిగింది.

కొత్త చీరకి కత్తెరా! నా గుండె గుభేలుమంది. ఉతికి ఆరేసిన పాత చీరనైనా చింపేటప్పుడు మనసు పీకుతుందే! లెక్క మాత్రం అది ముందే వేసుకుంది. తెర కుచ్చిళ్ళుగా అందంగా పడాలంటే కిటికీ వెడల్పుకి రెట్టింపు గుడ్డయినా ఉండాలి. మా కిటికీ మూడడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు. చీర అయిదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. 54 అంగుళాల చొప్పున కోస్తే నాలుగు ముక్కలు. కిటికీకి రెండేసి. పైనా కిందా మడతలకి పోగా సరిగ్గా సరిపోతుంది. ఇంజనీరింగు చదివించినందుకు ఇన్నాళ్ళకి నాకు అక్కరకొచ్చింది. నేను చెప్పిందల్లా ఒకటే: కొయ్యక ముందు చీరని రాత్రంతా ఉప్పునీళ్ళలో నానబెట్టి ఆరెయ్యమన్నాను. నూలు గుడ్డ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. కుట్టాక కుంచించుకుపోతే కిటికీకి లాగు తొడిగినట్టుంటుంది.

మా టైలరు చీర విప్పి చూసి, "ఆయ్, కొత్త చీరండి బాబూ, నిజంగానే కోసెయ్యమంటారా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి నేనే "కొయ్యవయ్యా" అన్నాను.

ఇనప రింగులు వద్దనుకున్నాం. మా కోనసీమ చెమ్మకి నాలుగు నెలల్లో తుప్పు పట్టి గుడ్డకి మరకలు చేస్తాయి. రవికె ముక్కతో పట్టీలు కుట్టించి వెదురు బొంగుకి ఎక్కించాం. గాజు పెంకు దగ్గరొచ్చింది అసలు తంటా. కప్పు ఏటవాలు కదా, పైన ఒక్క తీగ కట్టి గుడ్డ వేస్తే కప్పుని వదిలేసి తిన్నగా కిందికి వేళ్ళాడుతుంది. పైనొక తీగ, కిందొక తీగ కట్టి మధ్యలో గుడ్డని బిగించాక గానీ మాట వినలేదు. పలచటి తెరకి ఇంకో చిక్కుంది. పగలు బయటివాళ్ళకి లోపల కనపడదు గానీ, రాత్రి దీపం వేస్తే అంతా కనిపిస్తుంది. ఆ సంగతి అమ్మాయే కనిపెట్టి, చాక్లెట్టు తెరలు వెనకాల వేరే బొంగుకి వేసుకుంది. రాత్రిళ్ళు దానంతట అది లాక్కుంటుంది, పొద్దున్నే దానంతట అది తీసేస్తుంది. నేను ఆ తాడు ముట్టుకోను.

కొంగున్న ముక్క పడమటివైపు వేస్తుందనుకున్నాను. తూర్పు కిటికీకే వేసింది, డాబాకి ఎదురుగా.

ఆ సాయంత్రం కాఫీ పట్టుకుని మెట్లెక్కుతున్నాను. మావి నిటారు మెట్లు, నాకు మోకాళ్ళ నొప్పి. సగంలో ఆగాను. వదినగారి గొంతు వినిపించింది. 

"ఏమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావా? మీ ఆయన రాలేదూ?"

నాకు పాలు గుర్తొచ్చాయి. వెనక్కి దిగబోయాను. దిగలేదు. పైన తెర జరిపిన చప్పుడైంది.

"లేదండీ అత్తయ్యగారూ. నేనొక్కదాన్నే వచ్చాను. ఇంక ఇక్కడే ఉంటాను."

ఆ తరవాత ఎంతసేపు ఎవరూ మాట్లాడలేదో నేను లెక్కపెట్టలేదు గానీ, కాఫీ తొరకలు కట్టింది. చివరికి వదినగారే అన్నారు.

"ఆ గుడ్డ ఎక్కడ తీసుకున్నారే? బండారులంకేనా?"

"అవునండీ. చీర కోయించాం."

"అయ్యో, చీరే!" అన్నారావిడ. అల్లుడి సంగతికన్నా చీర సంగతికే ఎక్కువ నొచ్చుకున్నట్టు వినిపించింది నాకు. 

మర్నాడు పొద్దున్న తలుపు చప్పుడైతే తీశాను. వదినగారు. చేతిలో గిన్నెడు వడియాలు. "మీ అమ్మాయి లేచిందా? మా కిటికీలకి ఎన్ని చీరలు పడతాయో ఓసారి లెక్క వేసి పెడుతుందేమోనని" అంటూ లోపలికొచ్చి, మెట్లకేసి చూసి, "ఇంత నిటారుగా ఉన్నాయేమిటండీ!" అన్నారు. 

చెయ్యి అందించాను. ఇద్దరం ఒక్కో మెట్టే ఎక్కాం.