సున్నా బిల్లు వచ్చినా...

1905లో శివనసముద్రం జలవిద్యుత్తుతో బెంగళూరు వీధిదీపాలు వెలిగాయి. 2023 ఆగస్టులో మా కాటన్‌పేట ఇంటికి కరెంటు బిల్లు సున్నా వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం గృహజ్యోతి పథకం తెచ్చింది కదా! 2023లో పెట్టిన లెక్క ప్రకారం, 2022-23 నాటి నెలసరి సగటు వాడకానికి 10 శాతం కలిపి, 200 యూనిట్లకు మించకుండా ఉచితమన్నారు. 200 దాటితే బిల్లంతా మనదే.

ఉచితమైనప్పుడు పొదుపెందుకని మా అబ్బాయి వాదన. బ్యాంకులో లెక్కలు చూసే నాకది మింగుడుపడలేదు. ఓవర్‌డ్రాఫ్టు పరిమితి ఉందని చివరి రూపాయిదాకా వాడేస్తామా? ఆ డబ్బు కట్టేదీ ప్రజల ఖజానాయే. అందుకే మా హద్దు మేమే గీసుకున్నాం. రూపాయల్లో కాదు, యూనిట్లలో. రేట్లు మారతాయి, యూనిట్టు మారదు.

నలుగురికి తలా 30, నెలకు 120. రెండువేల వాట్ల గీజరు రోజూ గంట వేస్తే నెలకు 60 యూనిట్లు, అరగంట చేశాం. 75 వాట్ల ఫ్యాను రోజూ 10 గంటలు తిరిగితే 22.5, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు 9 చాలు. రెండువైపులా పక్కిళ్ళ గోడలే కావడంతో నడిమింట్లో పగలూ లైటే. పైకప్పులో రెండు గాజుపెంకులు వేయించాం.

ఇప్పుడు ఒకటో తారీఖున మీటరు అంకెను క్యాలెండరు మీద రాసేది మా అబ్బాయే. బిల్లు అడగకపోయినా, మీరూ నెలకోసారి మీటరును పలకరించండి.