పట్టాలు పోయిన పర్మనెంట్ వే

"ఆన్ యువర్ లెఫ్ట్!"

వెనక నుంచి కేక. లెఫ్ట్ అన్న మాట చెవిన పడగానే ఎడమకు జరిగాను. అరవై ఏళ్లకు పైగా ఎడమ పక్కనే నడిచిన కాళ్లు మరి. సైకిలాయన బ్రేకు నొక్కి, గడ్డిలోకి దిగి, నన్ను తప్పించుకుని, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. "మీ ఎడమ పక్క నుంచి దాటుతున్నాను, మీరు మాత్రం కదలకండి" అని దానర్థమట. ఇంటికొచ్చి చెబితే మనవడు పడీపడీ నవ్వాడు.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, ఆష్‌బర్న్. మా అబ్బాయి ఇంటి దగ్గర్లోనే ఉందీ దారి. డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ అంటారు. వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్ అనే పాత రైల్వే పేరది. రైల్వేలో గ్యాంగుల వెంట తిరిగి తిరిగి పీడబ్ల్యూఐగా, అంటే రైలుదారి ఇన్‌స్పెక్టరుగా, రిటైరైనవాణ్ణి కదా, పట్టాలు లేకపోయినా ఇది రైలుదారేనని మొదటి రోజే తెలిసిపోయింది. నిటారుగా ఎక్కదు, చటుక్కున తిరగదు. మిట్ట వస్తే కటింగు, పల్లం వస్తే గట్టు. మనకు కిలోమీటరు రాళ్లున్నట్టు ఇక్కడ అర మైలుకో గుర్తు.

1968లో ఆ రైల్వే మూతపడింది. పట్టాలు పీకేశారు, స్థలం కరెంటు కంపెనీ చేతికి వెళ్లింది. హైటెన్షన్ తీగలు ఇప్పటికీ మన వెంటే వస్తుంటాయి. 1974లో ఫాల్స్ చర్చ్ అనే ఊళ్లో నడకదారి మొదటి ముక్క పడింది. పర్సెల్‌విల్ దాకా చేరేసరికి 1988. నోవా పార్క్స్ అనే ప్రాంతీయ పార్కుల సంస్థ దీన్ని చూసుకుంటోంది. పొడవు 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లు. వెడల్పు చూస్తే వంద అడుగులు! ఇంత సన్నటి పార్కు నేనెక్కడా చూడలేదు. మా శాఖలో రైలుదారిని 'పర్మనెంట్ వే' అనేవాళ్లం. ఇక్కడ ఇనుము పోయింది, మట్టి గట్టు మిగిలింది.

రైల్వేలో బ్లాకు పద్ధతిలో ఒక సెక్షనులో ఒక్క బండే ఉండాలి. అవతలి స్టేషను లైన్ క్లియర్ ఇస్తేనే ఇవతలి బండి కదిలేది. ఈ దారి చూస్తే పదడుగుల తారు. దాని మీదే రెండు వైపులా పసిపిల్లల బళ్లు, కుక్కలు, పరుగు తీసేవాళ్లు, వీపున సంచితో ఆఫీసుకు వెళ్లేవాళ్లు, ఒంటికి అతుక్కున్న బట్టలతో పోటీకి బయల్దేరినట్టు దూసుకెళ్లే సైకిళ్లు. సిగ్నల్ లేదు, గార్డు లేడు. కుడి పక్కన ఉండు, ఎడమ నుంచి దాటు, దాటే ముందు గంటో మాటో వినిపించు. సైకిలు నడిచేవాళ్లకు దారివ్వాలి, గుర్రానికి అందరూ ఇవ్వాలి. వియన్నా ఊరు నుంచి పడమటికి గుర్రాల కోసం పక్కనే కంకర బాట కూడా ఉంది. నాకు విడ్డూరంగా తోచినవి రోడ్డు దాటే చోట్లు. రైళ్లున్న రోజుల్లో ఆగవలసింది బండ్లవాళ్లు. ఇప్పుడు చాలా చోట్ల స్టాప్ బోర్డు ట్రైల్ వైపే ఉంది.

మన సంగతీ చెప్పాలి. సాయంత్రమైతే పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలం నలుగురైదుగురం ఒకే వరసలో బయల్దేరతాం. అమరావతి ఎంతదాకా వచ్చిందో, ఎవరికి షుగరు ఎంతుందో మాట్లాడుకుంటూ దారంతా పరుచుకుని నడుస్తాం. వెనక గంట రెండుసార్లు మోగినా వినపడదు. మాలో ఒకరు, పిల్లలకు క్రమశిక్షణ నేర్పిన నెల్లూరు మాస్టారు కూడా అంతే. సైకిళ్లవాళ్ల వేగం మీద ఫిర్యాదు చెయ్యడంలో మాత్రం అందరికంటే ముందుంటాం.

ఒక ఉదయం పెట్రోలింగ్ వాలంటీరు ఒకాయన సైకిలాపి నీళ్లు తాగుతుంటే పలకరించాను. జీతం లేని పని. సంచిలో గాలి పంపు, ట్యూబులు, ప్రథమ చికిత్స సామాను. నేను రైల్వేవాణ్ణని తెలిసి, రమ్మని ఒక చోటికి తీసుకెళ్లి చూపించాడు. చెట్టు వేరు తారును అడుగు నుంచి పైకి లేపింది. నేను రోజూ దాని మీదే నడుస్తున్నాను, బూటుకు ఆనలేదు. సన్నటి టైరుకు అదే గండం. పైన చెక్కి చదును చేస్తే కొన్నాళ్లు ఆగుతుంది, వేరు కదా, మళ్లీ లేస్తుంది. వేరు కోసి, అడ్డుగోడలా పలక దించి, ఆ ముక్క తారు కొత్తగా వెయ్యాలి. మా కీమేన్లు గుర్తొచ్చారు. సుత్తీ జెండా పట్టుకుని రోజూ తన బీటంతా నడిచేవాడికి పట్టాను బిగించే కీ ఒక్కటి వదులైతే కనపడినట్టు, ట్రాలీ మీద వెళ్లే మాలాంటివాళ్లకు కనపడదు. ఇక్కడ ఆ కన్ను సైకిలెక్కింది.

మెట్రో సిల్వర్ లైన్ 2022లో ఆష్‌బర్న్ దాకా వచ్చింది. మాస్టారూ నేనూ అదెక్కి ఫాల్స్ చర్చ్ వెళ్లాం. అక్కడ కొంత దూరం దారిని విడగొట్టారు. సైకిళ్లకు 11 అడుగులు, నడిచేవాళ్లకు 8. హాయిగా ఉంది. పరుగుతీసే ఒకావిడ మాత్రం సైకిళ్ల బాటలోనే పోతోంది. తల్లి వెంట చిన్న సైకిలు తొక్కుతున్న పిల్లాడిది ఏ బాటో మాకు అర్థం కాలేదు. రద్దీ ఉన్న చోట విడగొట్టాల్సిందే. కానీ విడిపోయాక సైకిళ్ల జోరు పెరిగినట్టూ, గంటల చప్పుడు తగ్గినట్టూ నాకనిపించింది.

నిన్న వాన. ఇవాళ దారిలో ఒక చోట నీళ్లు నిలిచాయి. వంగి చూస్తే తూము నోటికి ఆకులు అడ్డం పడ్డాయి. గట్టుకు నీటిని మించిన శత్రువు లేదు. కర్ర ఒకటి దొరికితే కెలకడం మొదలుపెట్టాను.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఇది మీ సెక్షను కాదండీ," అన్నారు మాస్టారు.

"ఆ చివర మీరు పట్టుకోండి."

నీళ్లు గుడగుడమని కదిలాయి. వెనక ఎక్కడో గంట మోగింది. ఇద్దరం గడ్డిలోకి జరిగాం.