పని గురించి ఏమడిగారు బేటా?

నా మొదటి ఇంటర్వ్యూ ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో, సైట్ ఇంజనీర్ నౌకరీకి. బీటెక్ సివిల్ పూర్తయి అప్పటికి 8 నెలలు. మా ఖాందాన్‌లో ఇంజనీరింగ్ చదివిన మొదటివాణ్ణి నేనే. అబ్బా తాపీ మేస్త్రీ. అమ్మీ ఆ వారమంతా ప్రతి నమాజ్ తర్వాత నా కోసం దువా చేసింది.

మెహనత్‌లో నేనేమీ తక్కువ చేయలేదు. ఐఎస్ 456:2000 కోడ్ ముందేసుకుని కూర్చున్నాను. ఇనుము మీద కాంక్రీటు పొర స్లాబుకు 20 మిల్లీమీటర్లు చాలు, కాలమ్‌కు 40 ఎందుకో చెప్పగలను. ఎం 25 కాంక్రీటంటే 150 మిల్లీమీటర్ల క్యూబు 28 రోజులకు ఎంత బలం చూపాలో తెలుసు. ఇక కూలీ ఒక బకెట్ నీళ్ళు ఎక్కువ పోస్తే మాల్ చూసే పట్టేసే అబ్బా ఇంట్లోనే ఉస్తాద్.

లోపల ముగ్గురు కూర్చున్నారు. పూర్తి పేరు అడిగారు. "ఇంట్లో ఉర్దూనా? తెలుగు బాగానే మాట్లాడుతున్నావే!" అని ఒకాయన తాజ్జుబ్ పడ్డాడు. "శుక్రవారం సైట్ వదిలి వెళ్తావా?" అన్నాడు ఇంకొకాయన. భోజనం టైములో వెళ్ళొస్తానన్నాను. "మీవాళ్ళు గల్ఫ్ పోతారుగా, నీకిక్కడెందుకు?" అన్నీ నవ్వుతూనే అడిగారు. 10 నిమిషాల్లో "ఫోన్ చేస్తాం" అన్నారు. చేయలేదు.

సిమెంటు గురించి, ఇనుము గురించి ఒక్క సవాల్ కూడా లేదు.

మొహల్లాలో అందరూ "వచ్చిందా?" అనే అడిగారు. రాలేదంటే, "సబర్ చెయ్ బేటా, నసీబ్" అన్నారు. రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్ అన్న యఖీన్ నాకూ ఉంది. అయినా దిల్ కుదుటపడలేదు. అబ్బా ఒక్కరే, "పని గురించి ఏమడిగారు బేటా?" అన్నారు.

"ఏమీ అడగలేదు అబ్బా."

కాసేపు ఆగి, "మరి నీకు పని రాదని వాళ్ళకెలా తెలిసింది?" అన్నారు.

ఆ మాట లేకపోతే ఎన్ని నెలలైనా నాలోనే లోపం వెతుక్కుంటూ ఉండేవాణ్ణి.

తర్వాత ఇంకో చోట 40 నిమిషాలు కూర్చోబెట్టి అన్నీ కాంక్రీటు గురించే అడిగారు. రెండింటికి జవాబు రాలేదు. అక్కడా నౌకరీ దొరకలేదు. కానీ ఆ రాత్రి పుస్తకం తెరిచి ఆ రెండూ చదువుకున్నాను, హాయిగా నిద్రపట్టింది.

మన ఇళ్ళలో పిల్లలు ఇంటర్వ్యూల నుంచి మాయూస్‌గా తిరిగొస్తుంటారు. నసీబ్ మాట తర్వాత చెప్పొచ్చు. ముందు పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళను ఏమడిగారో అడగండి.