కొండమీది రెండు భాండారాలు

తిరుమల అనగానే మనకు ఏడుకొండలు, ఆనందనిలయ విమానం, గోవిందనామం స్ఫురిస్తాయి. సాహిత్యమే వృత్తిగా గలవాడిని కావడంచేత నాకు వాటితోపాటు మరి రెండు గుర్తుకు వస్తాయి. ఒకటి శ్రీవారి ఆలయంలోని సంకీర్తన భాండారం. రెండవది అదే కొండమీద, ధర్మగిరిలో ఉన్న వేదపాఠశాల. రెండూ జ్ఞాపకానికి నిలయాలే. మొదటిది రాగిరేకును నమ్ముకొన్నది. రెండవది మనిషి మెదడును నమ్ముకొన్నది. ఈ రెండింటి చరిత్రను పక్కపక్కన ఉంచి చూస్తే, జ్ఞాపకం ఎలా ఏర్పడుతుందో, ఎలా నిలుస్తుందో కొంత బోధపడుతుంది.

తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) వేంకటేశ్వరునిపై 32,000 సంకీర్తనలు రచించినట్లు ఆయన మనుమడు చిన తిరువేంగళనాథుడు తన ద్విపదకావ్యంలో పేర్కొన్నాడు. కుమారుడు పెద తిరుమలాచార్యులు వాటిని రాగిరేకులపై చెక్కించాడు. తాటాకుకు పురుగు పడుతుంది. నిప్పు తగిలితే బూడిద అవుతుంది. రాగికి ఆ భయం లేదు. అయినా కాలక్రమంలో ఆ వంశంవారి ప్రాభవం తగ్గింది. భాండారంలో ఏమున్నదో లోకం మరచిపోయింది. 1922 ప్రాంతంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషితో ఆ రేకులు వెలుగు చూశాయి. తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు ఆ సాహిత్యాన్ని పరిష్కరించి మనకు అందించారు. దొరికిన సంకీర్తనలు సగానికి తక్కువే. అయినప్పటికీ అది మహానిధి.

ఆ నిధిలో ఒక లోటు ఉంది. రేకులపై ప్రతి పాటకూ రాగం పేరు చెక్కి ఉంది. పాట నడక మాత్రం లేదు. అన్నమయ్య ఏ పదాన్ని సాగదీసి పాడాడో, ఏ చోట ఆగాడో రాగికి తెలియదు. ఆ విషయం తెలిసినవి పాడేవారి గొంతులు. ఆ గొంతుల పరంపర తెగిపోగానే బాణీలు కూడా వెళ్లిపోయాయి. కొన్ని రాగాలు వాడుకలోనే లేకుండా పోయాయి. అందుకే రాళ్లపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి విద్వాంసులు వాటికి కొత్తగా స్వరరచన చేయవలసి వచ్చింది. నేడు మనం వింటున్న అన్నమయ్య పాటలలో మాట పదిహేనవ శతాబ్దానిది. బాణీ చాలావరకు ఇరవయ్యవ శతాబ్దానిది.

ఇక ధర్మగిరి సంగతి చూద్దాం. ఆ పాఠశాల 1884లో ఏర్పడింది. అక్కడి చదువులో ‘సంత చెప్పడం’ అనే పద్ధతి ఉంది. గురువు ఒకసారి పలుకుతాడు. శిష్యులు రెండుసార్లు పలుకుతారు. ఆ తరువాత ఎన్నోసార్లు వల్లె వేస్తారు. అంతటితో ఆగరు. క్రమపాఠంలో ఒకటవ పదాన్ని రెండవదానితో, రెండవ పదాన్ని మూడవదానితో జతచేసి చదువుతారు. జటాపాఠంలో ఆ జంటనే ముందుకు, వెనుకకు, మళ్లీ ముందుకు చెబుతారు. ఘనపాఠం ఇంకా క్లిష్టం. ఒక అక్షరం జారినా, ఒక స్వరం తప్పినా ఈ అల్లికలో ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. మాటతోపాటు ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే స్వరాలు కూడా చెడకుండా వేల సంవత్సరాలు నిలవడానికి ఇదే కారణం.

ఈ అభ్యాసాన్ని ఆధునిక విజ్ఞానం కూడా ఆసక్తితో పరిశీలించింది. హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో 21 మంది వేదపండితుల మెదళ్లను స్కానింగ్ చేసి, ఇతరుల మెదళ్లతో పోల్చారు. 2016లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. భాషకు, జ్ఞాపకానికి సంబంధించిన పలుచోట్ల పండితుల మెదడులో బూడిదరంగు పదార్థం ఎక్కువగా కనిపించింది. చదువు వల్లనే అలా పెరిగిందని దీనితో రుజువైనట్లు కాదు. కాని ఆలోచింపజేసే విషయమే.

మెదడులో జ్ఞాపకానికి ఒక గది, ఒక బీరువా లేవు. మనం ఏదైనా నేర్చుకొన్నప్పుడు కొన్ని నాడీకణాలు కలిసి స్పందిస్తాయి. అదే మళ్లీ మళ్లీ జరిగితే వాటి మధ్యనున్న సంధులు బలపడతాయి. ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త సముద్రపు నత్తలలో ఈ మార్పును చూపి, 2000లో నోబెల్ బహుమతి పొందాడు. కొత్త అనుభవాన్ని కట్టి ఉంచేది హిప్పోకాంపస్ అనే చిన్న భాగం. 1953లో హెన్రీ మొలైసన్ అనే అమెరికా యువకునికి మూర్ఛ తగ్గించడానికి శస్త్రచికిత్స చేసి, ఆ భాగంలో అధికాంశాన్ని తొలగించారు. ఆ పైన 2008లో మరణించేదాకా అతడు కొత్త సంగతులను గుర్తుంచుకోలేకపోయాడు. చిన్ననాటి సంగతులు మాత్రం అతనికి గుర్తున్నాయి.

ఈ విషయాన్ని నేను పుస్తకాలలో చదవడానికి ముందే ఇంట్లో చూశాను. మా అమ్మకు చివరి సంవత్సరాలలో మతిమరపు వ్యాధి వచ్చింది. ఉదయం తిన్న సంగటి మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. నన్ను చూసి, “ఎవురు నాయనా? ఏ వూరు మీది?” అని మర్యాదగా అడిగేది. ఒకనాడు మా అక్క కూతురు తన బిడ్డను ఉయ్యాలలో వేసి, అచ్యుతుని జోలపాట మొదలుపెట్టి, రెండవ పాదం రాక ఆగిపోయింది. గోడవారగా కూర్చున్న అమ్మ అందుకొన్నది. చివరి చరణం దాకా పదం తప్పలేదు, వరస తప్పలేదు. ఆ పాట తాళ్లపాకవారిదని పెద్దలు చెబుతారు. అమ్మకు అక్షరాలు రావు. అది ఆమెకు వాళ్లమ్మ గొంతు నుంచి వచ్చింది.

ఆ పాటను చెప్పమని అడిగి ఉంటే అమ్మ చెప్పలేకపోయేది. మొదటి పాదం చెవిన పడగానే గుర్తుపట్టింది. ఏ ఆధారమూ లేకుండా జ్ఞప్తికి తెచ్చుకోవడం వేరు, ఆధారం దొరికినప్పుడు జ్ఞప్తికి తెచ్చుకోవడం వేరు. రెండవదానికి చిన్న ఆధారం చాలు. ఈ వ్యాధిలో మొదట దెబ్బతినే భాగాలలో హిప్పోకాంపస్ ఒకటి. కొన్ని వందలసార్లు పాడిన పాట దానిమీదనే ఆధారపడి ఉండదు. మెదడులో విస్తారంగా వేళ్లూని ఉంటుంది.

నేడు మనకు అరచేతిలోనే భాండారం ఉంది. పద్యం కావాలన్నా, పాట కావాలన్నా ఫోను చూపుతుంది. దాచుకోవడానికి అది మంచి సాధనమే. రాగిరేకులే లేకపోతే అన్నమయ్య మనకు మిగిలేవాడు కాడు. కాని దాచినదానిని ఎవరూ పాడకపోతే ఏమి పోతుందో కూడా ఆ రేకులే చెబుతున్నాయి. మీ ఇంట అవ్వకో, తాతకో ఒక పాట వచ్చి ఉంటుంది. దానిని ఫోనులో రికార్డు చేయండి. తరువాత వారి పక్కన కూర్చుని, వారు ఒకసారి పాడితే మీరు రెండుసార్లు పాడుతూ, నోటికి వచ్చేదాకా నేర్చుకోండి. ఒకనాడు వారు మధ్యలో మరచి ఆగితే, తరువాతి పాదం అందించడానికి పక్కన మీరు ఉండాలి.